కెంపు చూడటానికి ఏది కొనాలి: లూపా, రిఫ్రాక్టోమీటరా, పోలారిస్కోపా?

మా పిన్నిది గుంటూరు బ్రాడీపేట. బాబాయి షష్టిపూర్తికి కెంపు ఉంగరం చేయించి, తొడిగే ముందు ఒకసారి నాకు చూపిద్దామని విజయవాడ తీసుకొచ్చింది. రాయిలో కాంతి ఎంత వంగుతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్ కొని అప్పటికి నెల కూడా కాలేదు. ఉంగరాన్ని దాని మీద బోర్లించి చూశాను. లోపలి స్కేలు మీద 1.762 దగ్గర ఒక నీడ అంచు, 1.770 దగ్గర ఇంకొకటి. కెంపుకు ఉండాల్సిన అంకెలు అవే. "కెంపే పిన్నీ, అనుమానం పెట్టుకోకు" అన్నాను. ఏడు నెలల తర్వాత ఉంగరం బిగుతయిందని కంసాలికిస్తే, మంట తగలగానే రాయి నిండా తెల్లటి నెర్రెలు లేచాయి.

అది కెంపే. కాకపోతే నిండా పగుళ్లున్న నాసిరకం కెంపు. ఆ పగుళ్లలో సీసం గాజు పోసి, నిగనిగలాడేలా తయారుచేసి అమ్మారు. 2004 ప్రాంతం నుంచి ఇలాంటి రాళ్లు మార్కెట్‌లోకి వెల్లువలా వచ్చాయి. మంటకే కాదు, నిమ్మరసం లాంటి మామూలు పులుపుకు కూడా ఆ గాజు దెబ్బతింటుంది. నేను చూసిన అంకె తప్పు కాదు, చెప్పిన మాట అబద్ధం కాదు, అయినా పిన్ని నష్టపోయింది. ఆ రోజు పది రెట్లు చూపే చిన్న లూప్ కింద రాయిని రెండు నిమిషాలు అటూ ఇటూ వంచి చూసి ఉంటే, పగుళ్ల వెంట పాకే నీలి మెరుపు, లోపల చిక్కుకున్న గాలి బుడగలు కనబడేవి. వేలు పోసి కొన్న పరికరం చెప్పలేని సంగతి వందల్లో దొరికే అద్దం చెప్పేది.

అందుకే "రాళ్లు చూసే మిషన్ ఏది కొనమంటారు?" అని ఎవరైనా అడిగితే ముందు నేనొకటి అడుగుతాను. మీకు తెలియాల్సింది ఇది ఏ రాయి అనా, లేక ఈ రాయి ఎలా పుట్టింది, దానికి ఏం చేశారు అనా? మొదటిదానికి కాంతి ఎంత వంగుతోంది, రెండుగా చీలుతోందా అన్నది కొలవాలి. రిఫ్రాక్టోమీటర్, పోలారిస్కోప్, డైక్రోస్కోప్ చేసేది అదే. రెండోదానికి రాయి కడుపులోకి చూడాలి. అది లూప్, మైక్రోస్కోప్‌ల పని. ఒక పరికరంతో రెండు పనులూ అయిపోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఈ తేడా ఎంత అవసరమో అమ్మమ్మల నాటి నగల దగ్గర తెలుస్తుంది. "పాతకాలం నగ, అందులో రాళ్లు అసలైనవే ఉంటాయి" అనుకుంటాం. ఫ్రాన్స్‌లో వెర్నాయ్ అనే రసాయన శాస్త్రవేత్త మంటలో కెంపు తయారుచేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు. ఆ రాళ్లు నగల్లోకి ఎక్కి వందేళ్లు దాటింది. వాటికీ అంకె 1.762, 1.770 అనే వస్తుంది, ఎందుకంటే పదార్థం ఒక్కటే. భూమిలో పుట్టిందా, కొలిమిలో పుట్టిందా అన్నది రిఫ్రాక్టోమీటర్‌కు ఎప్పటికీ తెలియదు.

లూప్: మొదటి కొనుగోలు ఇదే

ఇంట్లో నగలు చూసుకోవాలన్నా, షాపులో రాళ్లు కొనాలన్నా, చేతిలో మొట్టమొదట ఉండాల్సింది 10 రెట్ల ట్రిప్లెట్ లూప్. మూడు కటకాలు అతికించి చేస్తారు కాబట్టి అంచుల్లో రంగులు చిమ్మవు, గీతలు వంగవు. కొనేటప్పుడు ఒక గ్రాఫ్ కాగితం తీసుకెళ్లండి. లూప్‌లోంచి చూస్తే గళ్లు అంచు దాకా తిన్నగా, రంగు చారలు లేకుండా ఉండాలి. మధ్యలో బాగుండి అంచుల్లో విల్లులా వంగితే దాన్ని వదిలేయండి. 18 నుంచి 21 మిల్లీమీటర్ల అద్దం చాలు. చుట్టూ తొడుగు నల్లగా ఉంటే మంచిది. మెరిసే వెండి రంగు తొడుగయితే దాని మీది వెలుగు రాయిలో పడి తికమక పెడుతుంది.

"30 రెట్లు", "40 రెట్లు" అని చెక్కి అమ్మే చవక లూప్‌ల మీదికి మనసు పోతుంది. వాటిలో చాలావాటి మీద అంకె ఒకటి, లోపల అద్దం బలం ఒకటి. ఒకవేళ నిజంగా అంత బలం ఉన్నా, రాయిలో గోరంత భాగమే కనబడుతుంది, చేయి కాస్త కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. ప్రపంచమంతటా వజ్రాల స్వచ్ఛతను లెక్కగట్టేది కూడా 10 రెట్ల దగ్గరే.

పట్టుకునే తీరు తెలియకపోతే ఎంత మంచి లూప్ అయినా ఊరికే ఉంటుంది. అద్దం కంటికి ఆనించినంత దగ్గరగా ఉండాలి. రాయిని అద్దానికి అంగుళం దూరంలోకి తేవాలి. లూప్ చేయి, రాయి చేయి ఒకదానికొకటి ఆనుకోవాలి, మోచేతులు బల్ల మీద ఉండాలి. రెండో కన్ను మూయకండి, అలసిపోతారు. వెలుగు పైనుంచి కాకుండా పక్కనుంచి పడాలి. షాపులో నెత్తిమీద వెలిగే స్పాట్‌లైట్లు రాయిని మెరిపించడానికి పెట్టినవి, మీరు చూడటానికి కాదు. ఫోన్ టార్చిని రాయి పక్కనో కిందనో పట్టుకుంటే లోపలి మచ్చలు చీకట్లో చుక్కల్లా తేలతాయి.

ఇక ఏం వెతకాలి? గాజులోనూ మంటలో చేసిన కెంపులోనూ గుండ్రటి గాలి బుడగలు ఉంటాయి. మంటలో చేసిన కెంపులో రంగు గీతలు గ్రామఫోన్ రికార్డు మీది గాడుల్లా వంపు తిరిగి ఉంటాయి. నేలలో పుట్టిన రాయిలో రంగు పొరలు తిన్నగా, కోణాలు తిరుగుతూ సాగుతాయి. నేల కెంపులో ఒకదానికొకటి 60 డిగ్రీల్లో అడ్డుగా పడుకున్న సన్నటి సూదులు పట్టు పోగుల్లా కనబడొచ్చు. వర్తకులు వాటిని 'సిల్క్' అనే అంటారు. ఆ వంపు గీతలు మాత్రం లూప్‌కు అన్నిసార్లూ చిక్కవు. విడి రాయి అయితే తెల్లటి గిన్నెలో నీళ్లు పోసి అందులో వేసి చూడండి, పై మెరుపు తగ్గి లోపల తేటపడుతుంది. అదే గిన్నెలో నీలం రాయి వేసినప్పుడు రంగంతా పట్టెల (చెక్కిన ముఖాల) అంచుల వెంట చేరి లోపల వెలవెలబోతే, కొలిమిలో పైపొరకు రంగు ఎక్కించిన రాయేమోనని అనుమానించాలి.

గోమేధికం విషయంలో లూప్‌ను మించింది లేదు. మంచి గోమేధికం లోపల పాకం కరుగుతున్నప్పుడు నీళ్లలో లేచే తీగల్లాంటి సుడులు ఉంటాయి. ఒకసారి చూస్తే జన్మలో మరిచిపోరు. తేనె రంగు గాజులో బుడగలే ఉంటాయి, ఆ పాకం తీరు రాదు.

రిఫ్రాక్టోమీటర్: పుష్యరాగం కొనేవాళ్లకు

మన జ్యోతిష్యులు రాసిచ్చేది కనకపుష్యరాగం. అది పసుపు రంగులో ఉండే నీలం జాతి రాయి (ఎల్లో సఫైర్), అంటే కెంపు కుటుంబంలోని రాయే. నిఘంటువుల్లో, వాడుకలో పుష్యరాగం అంటే టోపాజ్ అని కూడా ఉంది. ఈ రెండింటి మధ్యకు పసుపు స్ఫటికం, అంటే సిట్రిన్, వచ్చి చేరుతుంది. మూడూ పసుపే, మూడూ మెరుస్తాయి, ధరలకు మాత్రం పొంతనే లేదు. శుభ్రమైన రాయి అయితే లూప్ కింద అనుభవం ఉన్నవాడు కూడా తడబడతాడు. మూడూ కాంతిని రెండుగా చీల్చేవే కాబట్టి పోలారిస్కోప్ కూడా వీటిని తేలిగ్గా విడదీయలేదు.

రిఫ్రాక్టోమీటర్‌కు అర నిమిషం చాలు. కనకపుష్యరాగం 1.76 నుంచి 1.77 మధ్య చూపిస్తుంది. టోపాజ్ 1.61 నుంచి 1.64 మధ్యలో ఎక్కడో పడుతుంది. సిట్రిన్ 1.544, 1.553 దగ్గర నిలబడుతుంది. వీటి మధ్య దూరం ఎక్కువ కాబట్టి కొత్తగా నేర్చుకున్నవాళ్లు కూడా పొరబడరు. రాళ్ల పేర్లు తేల్చాలంటే నాకు తెలిసినంతలో దీనికి సాటి లేదు. గాజు ఒక్కటే కొంచెం చిక్కు తెస్తుంది. దాని తయారీని బట్టి అంకె 1.5 నుంచి 1.7 దాకా ఎక్కడైనా రావచ్చు, కానీ గాజు కాంతిని రెండుగా చీల్చదు కాబట్టి ఒక్క నీడ అంచే వస్తుంది.

దీంతో కష్టాలూ ఉన్నాయి, డబ్బు పెట్టేముందే తెలుసుకోండి. రాయికీ పరికరం అద్దానికీ మధ్య ఒక ద్రవం చుక్క వేయాలి. దాని వక్రీభవన గుణకం, అంటే కాంతిని వంచే అంకె, 1.79 నుంచి 1.81 దాకా ఉంటుంది కాబట్టి అంతకు మించిన రాయిని ఈ పరికరం చదవలేదు. వజ్రం 2.417, అమెరికన్ డైమండ్ అనే జిర్కోనియా 2.15 చిల్లర, వజ్రంలా కనబడే మొయిసనైట్ 2.65 పైన. ఇవన్నీ పరిధి దాటినవే, అంకె ఏమీ రాదు. ఆ ద్రవం విషం, వాసన కూడా ఘాటు. వంటింట్లో, పిల్లలు తిరిగే చోట వాడకూడదు. వెలుతురుకు నల్లబడుతుంది కాబట్టి ముదురు రంగు సీసాలో చీకట్లో దాచాలి. ఇంకా ముఖ్యం, పరికరం అద్దం మెత్తటి గాజు. రాయిని దాని మీద ఈడ్చారో గీత పడిపోతుంది. ఆనించాలి, మెల్లగా జరపాలి, పని కాగానే ద్రవాన్ని తుడిచేయాలి. వదిలేస్తే గంధకం పలుకులు కట్టి అద్దాన్ని పట్టుకుంటాయి.

రాయికి చదునైన, నునుపైన ముఖం ఉండాలి. గుండ్రంగా అరగదీసిన కెంపులను ఒక చుక్క పద్ధతిలో దూరం నుంచి చూడొచ్చు గానీ, రెండో దశాంశం దాకా ఉజ్జాయింపు అంకె మాత్రమే వస్తుంది. వెలుతురు 589 నానోమీటర్ల పసుపు కాంతి కావాలి. తెల్ల బల్బు పెడితే అంచులో ఇంద్రధనుస్సు వచ్చి, రెండు అంచులున్నాయో ఒకటే ఉందో తెలియదు. పసుపు దీపం లేకుండా అమ్మే పరికరం ధర తక్కువ కనబడుతుంది, తర్వాత ఆ దీపం కోసం మళ్లీ తిరగాలి. కొన్నాక చదును ముఖం ఉన్న స్ఫటికం (క్వార్ట్జ్) ముక్క ఒకటి దగ్గర పెట్టుకోండి. అది ఎప్పుడు చూసినా 1.544, 1.553 చూపాలి. చూపకపోతే పరికరం దారి తప్పినట్టు.

పోలారిస్కోప్, డైక్రోస్కోప్: ఎర్ర రాళ్ల తగాదా తీర్చేవి

కెంపు పేరుతో తిరిగే ఎర్రవాటిలో గోమేధికం జాతికే చెందిన ఎర్ర గార్నెట్ ఉంది, స్పినెల్ అనే వేరే రాయి ఉంది, గాజు ఉంది. రోడోలైట్ అనే గార్నెట్ అంకె సుమారు 1.76, కెంపుకు మరీ దగ్గర. కెంపు రెండు అంచుల మధ్య తేడా 0.008 మాత్రమే. తొందరలో రెండో అంచు కంటపడకపోతే రిఫ్రాక్టోమీటర్ ముందే మోసపోతాం. అక్కడ ఈ రెండు పరికరాలు ఆదుకుంటాయి.

డైక్రోస్కోప్ బొటనవేలంత గొట్టం. బ్యాటరీ లేదు, ద్రవం లేదు. రాయి వెనక వెలుగు పెట్టి చూస్తే లోపల రెండు చిన్న కిటికీలు. కెంపయితే ఒక కిటికీలో నారింజ ఛాయ ఎరుపు, రెండో దానిలో ఊదా ఛాయ ఎరుపు. గార్నెట్, స్పినెల్, గాజు అయితే రెండు కిటికీల్లోనూ ఒకే రంగు. నీలం రాయిలో ఊదా ఛాయ నీలం, ఆకుపచ్చ ఛాయ నీలం విడిపోతాయి. జేబులో లూప్ పక్కన ఇంకొకటి పెట్టుకోవాలంటే నేను దీన్నే పెట్టుకుంటాను. కొనేటప్పుడు కాల్సైట్ స్ఫటికంతో చేసిన రకం తీసుకోండి. పోలరాయిడ్ ముక్కలు అతికించినది చవకే గానీ రంగుల తేడా అంత తేటగా రాదు.

పోలారిస్కోప్ అంటే ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు పోలరాయిడ్ అద్దాలు, కింద దీపం. మధ్యలో రాయిని ఒక పూర్తి చుట్టు తిప్పితే, కాంతిని రెండుగా చీల్చే రాయి నాలుగుసార్లు వెలిగి నాలుగుసార్లు ఆరుతుంది. గాజు, స్పినెల్, గార్నెట్ చీకటిగానే ఉండిపోవాలి. కానీ గాజులోనూ కొలిమి స్పినెల్‌లోనూ లోపలి ఒత్తిడి వల్ల పాముల్లాగో గళ్లలాగో నీడలు కదులుతాయి. కొత్తవాళ్లు దాన్నే మిణుకు అనుకుంటారు. పైగా కెంపును ఒక దిశలోంచి చూస్తే అది కూడా చీకటిగానే ఉంటుంది, డైక్రోస్కోప్‌లోనూ ఆ దిశలో ఒకే రంగు వస్తుంది. అందుకని ఏ రాయినైనా కనీసం మూడు దిక్కుల నుంచి చూడాలి.

డబ్బు పెట్టకుండా ఇది చూడాలంటే ఒక దారి ఉంది. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర మీద తెల్ల పేజీ తెరవండి. ఆ వెలుగు ముందే పోలరైజ్ అయి వస్తుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలను దాని ముందు పట్టుకుని తెర నల్లబడేదాకా తిప్పండి. ఇప్పుడు మధ్యలో విడి రాయిని పెట్టి తిప్పితే చాలు. మా ఇంట్లో స్కూలు పిల్లలకు ఇలాగే చూపిస్తుంటాను. స్ఫటికం వెలిగి ఆరుతుంటే వాళ్ల ముఖాలు చూడాలి!

వీటిని తర్వాత చూడొచ్చు

పచ్చలు చూడటానికి వాడే రంగు అద్దం చెల్సీ ఫిల్టర్ 1934లో లండన్‌లో పుట్టింది. చవక, చిన్నది, అందుకే చాలామంది చేతుల్లో ఉంటుంది. "దీంట్లో ఎర్రగా కనబడితే అసలు పచ్చ" అని షాపులో చెబితే ఆ మాట మీద డబ్బు పెట్టకండి. ఎరుపుకు కారణం పచ్చలోని క్రోమియం. ఫ్యాక్టరీ పచ్చలో అది ఉంటుంది కాబట్టి ఇంకా బాగా ఎర్రబడుతుంది. ఇనుము ఉన్న మన దేశపు పచ్చలు, జాంబియా పచ్చలు చాలావరకు ఎర్రబడవు. అంటే అసలుదాన్ని నకిలీ అనీ, నకిలీని అసలైనదనీ అనిపించగలదు. కోబాల్ట్ కలిపిన నీలి గాజును, నీలి స్పినెల్‌ను ఎర్రగా చూపించి పట్టివ్వడంలో మాత్రం పనికొస్తుంది.

రాయిలోంచి వచ్చే వెలుగును రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోప్ గొప్ప సాధనం. కెంపులో 694 నానోమీటర్ల దగ్గర గీత, జిర్కాన్ అనే రాయిలో (జిర్కోనియా కాదు) 653.5 దగ్గర గీత చూసినవాడికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. అయితే కన్ను కుదరడానికి నెలలు పడుతుంది. తొలి కొనుగోలుగా వద్దు.

మైక్రోస్కోప్ గురించి ఒక్క హెచ్చరిక. కంప్యూటర్‌కు తగిలించే చవక డిజిటల్ రకాలు ఫోటోలు బాగా తీస్తాయి. కానీ వెలుగు పైనుంచే పడుతుంది, రాయి పైముఖం తళుక్కుమని లోపల ఏమీ కనబడదు. రత్నాలకు కావాల్సింది చుట్టూ చీకటి ఉంచి పక్కల నుంచి వెలుగు పంపే రకం. దాని ఖరీదు వేరు, రోజూ రాళ్లు చూసేవాళ్లకే గిట్టుబాటు.

వజ్రం దగ్గర లెక్క మారుతుంది

కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు ఒకప్పటి గుంటూరు జిల్లావే. కోహినూర్ అక్కడ దొరికిందని చెప్పుకుంటాం. ఆ చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. అలాంటి సీమలో పుట్టి ముక్కుపుడకలో ఉన్నది వజ్రమో కాదో తేల్చుకోలేకపోతే మనసు ఊరుకోదు. రిఫ్రాక్టోమీటర్ ఇక్కడ మూగది. పెన్ను లాంటి డైమండ్ టెస్టర్ వేడి ఎంత త్వరగా పాకుతోందో చూస్తుంది. జిర్కోనియాను పట్టేస్తుంది గానీ మొయిసనైట్‌ను వజ్రమనే కూస్తుంది. మళ్లీ లూప్ దగ్గరికే రావాలి. పైముఖానికి ఏటవాలుగా, పక్క పట్టెలోంచి లోపలికి చూస్తే మొయిసనైట్‌లో వెనక అంచులు జంట గీతలై కనబడతాయి. వజ్రంలో ఒక్కటే గీత. ప్రయోగశాలలో పెంచిన వజ్రాన్ని మాత్రం వీటిలో ఏదీ పట్టలేదు, దానికి ల్యాబ్ రిపోర్టు ఉండాల్సిందే.

ముత్యం, పగడాలకు ఈ పరికరాలతో పెద్దగా పని లేదు, ఒక్క లూప్ తప్ప.

నగలో ఉన్న రాయి, విడి రాయి

ఏది కొనాలో నిర్ణయించేముందు మీరు చూడబోయే రాళ్లు ఎలా పొదిగి ఉంటాయో ఆలోచించండి. జాతకం చూపించుకుని పెట్టుకునే ఉంగరాల్లో రాయి వేలికి తగలాలని వెనక తెరిచి ఉంచుతారు. వెలుగు అటు నుంచి ఇటు వస్తుంది కాబట్టి అన్ని పరికరాలూ పనిచేస్తాయి. పాత పతకాలు, వడ్డాణాలు, దేవుడి నగల తరహా కెంపుల సెట్లు అలా కాదు. వెనక మూసేసి, మెరుపు రేకు వేసి ఉంటాయి. వాటికి పోలారిస్కోప్ పనికిరాదు, డైక్రోస్కోప్ అంతంతమాత్రం. చదును ముఖం ఉంటే రిఫ్రాక్టోమీటర్, లేకపోతే లూప్. ఇంట్లో పాత నగలు చూసుకోవడమే మీ పని అయితే పోలారిస్కోప్ మీద డబ్బు పెట్టకండి.

జీవితంలో ఒకటో రెండో రాళ్లు కొనేవాళ్లకు నా సలహా లూప్, దాంతోపాటు పేరున్న ల్యాబ్ సర్టిఫికెట్. హాల్‌మార్క్ ముద్ర చూసి రాయి కూడా మంచిదే అనుకోకండి, ఆ ముద్ర బంగారం గురించే చెబుతుంది. బంధువులందరి నగలూ మీ దగ్గరికే వస్తుంటే లూప్‌కు డైక్రోస్కోప్ జతచేయండి. గవర్నరుపేటలోనో వన్‌టౌన్‌లోనో షాపు పెట్టి రంగురాళ్లు అమ్ముతుంటే, పుష్యరాగం ఒక్కదాని కోసమైనా రిఫ్రాక్టోమీటర్ ఉండాలి, దాని పక్కన పోలారిస్కోప్ కూడా. రత్నశాస్త్రం చదువుకునే పిల్లలయితే ఇన్నీ నేర్చుకోండి, కానీ మొదటి ఆరు నెలలు లూప్ తప్ప ఏదీ ముట్టకండి. రాయిని వేడి చేశారా, రంగు కోసం బెరీలియం ఎక్కించారా, ఏ దేశపు గనిలోది అన్న ప్రశ్నలు ఈ పరికరాల పరిధి దాటినవి. ధర వాటి మీద ఆధారపడి ఉంటే ల్యాబ్‌కు పంపండి.

పిన్ని ఈ ఏడాది కనకపుష్యరాగం కొనాలనుకుంది. ఈసారి ఉంగరం చేయించకముందే, విడి రాయిని దూదిలో చుట్టి తెచ్చింది. పొద్దున పదింటికి వరండాలో కూర్చుని ముందు లూప్ పట్టాను. బుడగల్లేవు, పగుళ్లలో మెరుపు లేదు, ఒక పక్క సన్నటి పోగులున్నాయి. తర్వాతే రిఫ్రాక్టోమీటర్ తెరిచాను. రెండు అంచులూ 1.76, 1.77 దగ్గర నిలిచాయి. "ఇప్పుడు చెప్పు, తీసుకోవచ్చా?" అంది. "రాయి సరైనదే పిన్నీ. వేడి చేశారో, బెరీలియం ఎక్కించారో నా దగ్గరున్న వాటికి తెలియదు. సర్టిఫికెట్ వచ్చాక డబ్బిస్తామని వాళ్లకు చెప్పు" అన్నాను. రాయిని మళ్లీ దూదిలో చుట్టి, మధ్యాహ్నం బస్సుకు గుంటూరు వెళ్లిపోయింది.